383, 440, హెమీ: ఏ ఇంజను బండి కొనాలి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు బళ్ళ ఫొటోలూ వివరాలూ చూశాను. మూడూ క్రైస్లర్ కంపెనీ 1969 మోడళ్ళే. ఒకటి 383 ఇంజనుతో ప్లిమత్ రోడ్ రన్నర్, ఇంకోటి 440తో డాడ్జ్ చార్జర్ ఆర్‌టీ, మూడోది "హెమీ వేసిన" రోడ్ రన్నర్. ఈ అంకెలు ఇంజను పరిమాణం, ఘనపు అంగుళాల్లో. హెమీ అంటే పెట్రోలు మండే గది అర్ధగోళంలా ఉండే ఇంజను. నా మాట ముందే చెప్పేస్తాను. డాలస్ ఎండల్లో, సెలవు రోజుల్లో పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని తిరగాలనుకునే నీకు సరిపోయేది 440. రోడ్ రన్నర్ 383 రేకు తుప్పు లేకుండా గట్టిగా ఉంటే అది కూడా మంచి బేరమే. హెమీ మాత్రం మొదటి బండిగా వద్దు.

కేటలాగులో 383కి 335 హార్స్‌పవర్, 440 మాగ్నమ్‌కి (డాడ్జ్ వాళ్ళు ఆ 440కి పెట్టిన పేరు) 375, హెమీకి 425 అని ఉంటుంది. అది చూసి అందరూ చివరిదాని వెంట పడతారు. నువ్వు పక్కనున్న టార్క్ అంకె, అంటే ఇంజను తిప్పే బలం, చూడు. 383 ఇచ్చేది నిమిషానికి 3400 తిరుగుళ్ళ దగ్గర 425 పౌండ్-అడుగులు. 440 ఇచ్చేది 3200 దగ్గర 480. హెమీ ఇచ్చేది 490, కానీ అది 4000 దగ్గర. అంటే హెమీ ఇచ్చే లాగుడులో కేవలం పది తక్కువగా, 800 తిరుగుళ్ళు ముందే 440 ఇచ్చేస్తోంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు, హైవే ర్యాంపు ఎక్కేటప్పుడు నీ కాలికి తెలిసే పికప్ అదే. హెమీ దమ్ము పై తిరుగుళ్ళలో ఉంది. రేసు ట్రాక్ కోసం పుట్టిన ఇంజను అది, ఊళ్ళో దాని బలం సగం వాడుకోలేవు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 1972 నుంచి కంపెనీలు హార్స్‌పవర్‌ని వేరే పద్ధతిలో, ఇంజనుకి అన్ని సామాన్లూ తగిలించి కొలిచి చెప్పడం మొదలుపెట్టాయి. అందుకే 1972 440 మాగ్నమ్ పక్కన 280 అనే కనిపిస్తుంది. కంప్రెషన్ (సిలిండర్లో గాలీ పెట్రోలూ ఎన్నింతలు నొక్కుకుపోతాయో ఆ లెక్క) తగ్గించిన మాట కూడా నిజమే గానీ, ఆ తేడా అంతా దానివల్ల వచ్చింది కాదు. 1969 అంకెనీ 1972 అంకెనీ పక్కపక్కన పెట్టి బేరమాడకు.

440 అంటే 7.2 లీటర్లు. ఒక్కో సిలిండరే 900 సి.సి. ఉంటుంది. మన మారుతి 800 ఇంజను మొత్తం 796 సి.సి. అని గుర్తు చేసుకుంటే దీని పరిమాణం నీకు అర్థమవుతుంది. బోరు (సిలిండరు వెడల్పు) 4.32 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.75. 383కి బోరు 4.25, స్ట్రోకు 3.375. ఆ పొడుగు స్ట్రోకే 440కి కింది తిరుగుళ్ళలో బలం. 1969లో దీనిలో క్రాంకు ఫోర్జింగ్‌ది. టాపెట్లు (వాల్వుల్ని కదిపే ముక్కలు) హైడ్రాలిక్‌వి, గ్యాపు సెట్టింగ్ పని లేదు. నాలుగు బ్యారెళ్ళ కార్బురేటర్ ఒక్కటే. విడి భాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. ఆటోమేటిక్ గేరు బాక్సుతో కంపెనీ ఏసీ కూడా వచ్చేది. హెమీకి కంపెనీ ఏసీ అసలు ఇవ్వలేదు. జులైలో డాలస్‌లో పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి చూడు, ఈ ఒక్క మాట విలువ తెలుస్తుంది.

ఇక 440తో వచ్చే తలనొప్పులు. మొదటిది నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలి శబ్దం రావడం. కంప్రెషన్ 10:1 దాకా, ఇనప హెడ్డు, ఆ రోజుల సీసం కలిపిన పెట్రోలు లేదు. టెక్సస్‌లో 93 ఆక్టేన్ దొరుకుతుంది కాబట్టి నీకు కొంత అదృష్టం. కాలిఫోర్నియాలో 91తో సరిపెట్టుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ టైమింగ్‌ని (ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళని) వాక్యూమ్ గొట్టం తీసేసి, మొత్తం అడ్వాన్సు 34 డిగ్రీల దగ్గర పెట్టి మొదలుపెట్టు. ఎక్కువ లోడు మీద గలగల శబ్దం వస్తే రెండు డిగ్రీలు వెనక్కి తగ్గించు. శబ్దం వినబడుతున్నా నడిపితే పిస్టన్ రింగుల మధ్య కట్టు విరుగుతుంది.

ఇంజను ఎప్పుడైనా విప్పి బిగించారా అని అమ్మేవాణ్ణి అడుగు. అప్పట్లో హెడ్డు గాస్కెట్ 0.020 అంగుళాల సన్నటి ఉక్కు రేకు. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా 0.040 మందం. అది వేస్తే 440లో కంప్రెషన్ సుమారు 0.4 తగ్గుతుంది. అది నష్టం అనుకోకు, పంపు పెట్రోలుతో తిరిగే బండికి మేలే. హెడ్డు బోల్టులు 70 పౌండ్-అడుగుల దాకా, మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు దఫాలుగా బిగించాలి. సీసం లేని పెట్రోలు వల్ల ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు కాలక్రమంలో అరిగి లోపలికి దిగుతాయి. హెడ్డు ఎలాగూ మెషిన్ షాపుకి వెళ్తే గట్టి సీట్లు వేయించు.

రెండోది వేడి. 383 బళ్ళకి మామూలుగా 22 అంగుళాల రేడియేటర్, పెద్ద ఇంజన్లకి, ఏసీ బళ్ళకి 26 అంగుళాలది. నువ్వు చూసే 440 బండికి 26ది ఉందా, దాని వెనక ఫ్యాను చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉందా అని ముందు చూడు. తొడుగు లేకపోతే ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యాను గాలి రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచి లాగుతుంది, కాసేపట్లోనే బాయిల్ అవుతుంది. పాత బ్లాకుల్లో వెనక సిలిండర్ల చుట్టూ నీటి జాకెట్‌లో తుప్పు బురద పేరుకుంటుంది. రేడియేటర్ మార్చినా వేడి తగ్గలేదంటే అదే కారణం కావచ్చు, బ్లాకు పక్కనున్న ప్లగ్గులు ఊడదీసి కడగాలి.

మూడోది టైమింగ్ చైను. ఆ కాలపు 383, 440 ఇంజన్లలో చాలావాటికి క్యామ్ (వాల్వుల్ని తెరిపించే కడ్డీ) పళ్ళచక్రం మీద నైలాన్ పళ్ళు. యాభై ఏళ్ళ నైలాన్ పెళుసెక్కి విరిగి ఆయిలు సంపులో పడి, ఆయిలు లాగే జల్లెడకి అడ్డుపడుతుంది. ఆయిలు ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయి. మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క. డబుల్ రోలర్ ఉక్కు చైను వేయించు, పెద్ద ఖర్చేం కాదు.

క్యామ్ కూడా ఫ్లాట్ టాపెట్ రకం. ఈ కాలపు మామూలు ఆయిల్లో జింకు తక్కువ, దాంతో క్యామ్ మీది ఎత్తులు, అంటే లోబులు, అరుగుతాయి. డబ్బా మీద జింకు 1000 నుంచి 1200 పీపీఎం అని ఉన్న ఆయిలే పోయించు. కొత్త క్యామ్ వేస్తే, స్టార్ట్ అయిన క్షణం నుంచి 2000, 2500 మధ్య తిరుగుళ్ళలో 20 నిమిషాలు నడపాలి. ఐడిలింగ్‌లో వదిలితే లోబు గుండ్రంగా అరిగిపోతుంది, మొత్తం మళ్ళీ విప్పాలి.

ఇప్పుడు 383. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళ మాట వినకు. రోడ్ రన్నర్‌లో పెట్టిన 383కి 440 హెడ్లే, 440 క్యామే. బరువు కొంత తక్కువ, తిరుగుళ్ళు చురుగ్గా ఎక్కుతుంది. రేకు బాగున్న 383 బండి, తుప్పు పట్టిన 440 బండి ఎదురెదురుగా ఉంటే కళ్ళు మూసుకుని 383 తీసుకో. రేకు పనికీ నేల పనికీ అయ్యే ఖర్చులో ఇంజను ఖర్చు చిన్నది. పైగా ఇంజను మౌంట్లు, గేరు బాక్సు బోల్టులు రెండింటికీ ఒకటే కాబట్టి, తర్వాత మనసు పుడితే అదే బండిలో 440 దించొచ్చు. 440 బ్లాకు ఎత్తు ఎక్కువ కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డు, పుష్‌రాడ్లు, డిస్ట్రిబ్యూటర్ లాంటివి 440వే కావాలి, సైలెన్సర్ గొట్టాలు కొంచెం సర్దాలి. అసలు 383ని పారేయకు, గ్రీజు రాసి గోనె చుట్టి దాచు. ఒరిజినల్ ఇంజనుతో అమ్మితే వచ్చే ధర వేరు.

మూడు కార్బురేటర్ల 440 కూడా ఉంది. డాడ్జ్ వాళ్ళు సిక్స్ ప్యాక్ అన్నారు, ప్లిమత్ వాళ్ళు సిక్స్ బ్యారెల్ అన్నారు. 390 హార్స్‌పవర్. మామూలుగా తిరిగినంతసేపూ మధ్య కార్బురేటరే పనిచేస్తుంది, కాలు అదిమితే అటూ ఇటూ ఉన్నవి తెరుచుకుంటాయి. వారాల తరబడి తెరుచుకోకపోతే పెట్రోలు లోపలే ఎండి గాస్కెట్లు గట్టిపడతాయి, ఐడిలింగ్ చెడుతుంది. నెలకి రెండు మూడుసార్లయినా గట్టిగా నడిపే ఓపిక ఉంటేనే దానికి వెళ్ళు.

హెమీ సంగతి విడిగా రాస్తున్నా. 1968లో రోడ్ రన్నర్ ధర 2,896 డాలర్లు, హెమీ కావాలంటే పైన 714 డాలర్లు. అంటే కొత్తగా కొన్నప్పుడే బండి ధరలో నాలుగో వంతు. అందుకే తక్కువమంది కొన్నారు, అందుకే ఇప్పుడు అంత ధర, అందుకే అన్ని నకిలీలు. 1969 హెమీకి సాలిడ్ టాపెట్లు, వాటి గ్యాపు పదే పదే సెట్ చేయాలి. 1970లోనే హైడ్రాలిక్‌వి వచ్చాయి. ప్లగ్గులు వాల్వు కవర్ల మధ్యలోంచి గొట్టాల్లో దిగుతాయి, ఆ గొట్టాల సీళ్ళు కారితే ప్లగ్గులు ఆయిల్లో మునిగి మిస్సింగ్ వస్తుంది. దీనికి నాలుగు బ్యారెళ్ళ కార్బురేటర్లు రెండు, ఆ రెండింటినీ జతగా ట్యూన్ చేయగల మెకానిక్ నీ ఊళ్ళో ఉన్నాడా? ముందు అతన్ని వెతుక్కుని తర్వాత బండి వెతుక్కోవాలి.

నువ్వు చెప్పిన హెమీ రోడ్ రన్నర్ డాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనిపించే నంబరులో ఐదో అక్షరం చూడు. 1969కి హెచ్ అంటే 383, ఎల్ అంటే 440, ఎం అంటే మూడు కార్బురేటర్ల 440, జె అంటే హెమీ. 1970లో ఈ అక్షరాలు మారాయి: 383కి ఎన్, 440కి యు, సిక్స్ ప్యాక్‌కి వి, హెమీకి ఆర్. నీ బండి మీద హెచ్ ఉండి లోపల హెమీ ఉంటే అది తర్వాత వేసింది. అలా వేయడం తప్పేం కాదు, కానీ ధర మాత్రం 383 బండి ధర, దానికి ఆ ఇంజను ఖరీదు కలిపి, అంతే. జె ఉన్నా అక్కడితో నమ్మకు. ఫెండరు లోపలి రేకుకి బిగించిన చిన్న ప్లేటు మీద ఇ74 ఉండాలి. 440కి అక్కడ ఇ86, 383కి ఇ63. ఇంజను మౌంట్లుండే కె ఫ్రేము హెమీకి వేరు. క్రాంకు వెనక అంచుకి హెమీలో ఎనిమిది బోల్టులు, మిగతావాటికి ఆరు.

గేర్లు అడక్కుండా ఏ బండీ తీసుకోకు. 27 అంగుళాల టైర్లతో గంటకి 70 మైళ్ళు వెళ్ళాలంటే 3.23 వెనక గేరుకి (వెనక ఇరుసులో పళ్ళచక్రాల నిష్పత్తి) ఇంజను సుమారు 2800 తిరుగుతుంది, 4.10కి 3570. రెండోదాంతో హ్యూస్టన్ దాకా వెళ్ళొస్తే చెవులు మోగుతాయి, పెట్రోలు గాలన్‌కి పది మైళ్ళు కూడా ఇవ్వదు. నీకు 3.23.

చార్జర్ చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఇంజను ముందే వేడి చేసి ఉంచొద్దని ఫోనులో గట్టిగా చెప్పు. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. నీలం పొగ కాసేపట్లో పోతే వాల్వు సీళ్ళు, పోకుండా ఉంటే రింగులు. వేడెక్కాక మెకానికల్ గేజి తగిలించి 2000 తిరుగుళ్ళ దగ్గర ఆయిలు ప్రెషర్ కనీసం 40 పీఎస్‌ఐ ఉందేమో చూడు. తర్వాత ఎనిమిది ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టి, సిలిండరు సిలిండరుకీ కంప్రెషన్ కొలిపించు. అంకెలు పదో వంతుకి మించి తేడా ఉండకూడదు. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపిస్తే మధ్యలో గాస్కెట్ పోయినట్టు. చివరికి బండిని లిఫ్టు మీద ఎక్కించి, బ్లాకు కుడిపక్క సంపు అంచు దగ్గర గుద్దిన నంబరు డాష్‌బోర్డు నంబరు చివరి అంకెలతో కలుస్తోందా చూడు. ఆ చోట గ్రైండింగ్ గీతలు కనిపిస్తే ఆ నంబరు తర్వాత గుద్దినట్టే.

ఆ నంబరు ఫొటో, ఫెండరు ప్లేటు ఫొటో, ఎనిమిది కంప్రెషన్ అంకెలు నాకు పంపు. అవి చూసి నేను సరే అన్నాకే అడ్వాన్సు ఇయ్యి.

ఆశీస్సులతో,
మావయ్య