లెన్సుల చీటీ రాయడానికి ఎవరికి అధికారం?

అమెరికా వచ్చిన కొత్తలో కాంటాక్ట్ లెన్సులు వాడేవారికి ఎదురయ్యే చిక్కు ఇది. వెంట తెచ్చుకున్న డబ్బాలు అయిపోతాయి. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టబోతే డాక్టరు వివరాలు అడుగుతారు. ఇండియా చీటీ చూపిస్తే చెల్లదంటారు. పవర్ మారనప్పుడు ఈ పట్టింపు ఎందుకని విసుగు రావడం సహజమే. ఇక్కడి చట్టం లెన్సును వైద్య పరికరంగా చూస్తుంది. పవర్ లేని రంగు లెన్సులకు కూడా 2005 నుంచి అదే నియమం. చీటీ లేకుండా అమ్మడం నేరం కాబట్టి కొట్టువాడితో వాదించి ప్రయోజనం లేదు.

మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? చాలామందికి ఆప్టోమెట్రిస్టు చాలు. పేరు పక్కన ఓ.డి. అని ఉంటుంది. ఎం.బి.బి.ఎస్. చదవలేదు కదా అని చిన్నచూపు చూడకండి. డిగ్రీ తర్వాత నాలుగేళ్లు ముఖ్యంగా కళ్ల గురించే చదివి, రాష్ట్ర లైసెన్సు తీసుకున్నవారు. ఎం.డి. లేదా డి.ఓ. (ఇక్కడ ఎం.డి.తో సమానమైన వైద్య పట్టా) చదివిన కంటి వైద్యుడు, అంటే ఆఫ్తల్మాలజిస్టు కూడా రాయవచ్చు గాని, శుక్లాలు, రెటీనా జబ్బులు, ఆపరేషన్లు చూసే మనిషి దగ్గర మామూలు లెన్సుల కోసం వారాల తరబడి ఎదురుచూడటం దండగ. ఆప్టీషియన్ సంగతి వేరు. ఇతరులు రాసిన చీటీ ప్రకారం అద్దాలు బిగించి ఇవ్వడం ఆయన పని. కొన్ని రాష్ట్రాల్లో లెన్సులు అమర్చే అనుమతి ఉన్నా, పరీక్ష చేసి చీటీ రాసేది మాత్రం ఆయన కాదు.

కళ్లజోడు చీటీతో లెన్సులు కొందామనుకుంటే కుదరదు. జోడు కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది. అందుకే జోడులో మైనస్ 6 ఉన్నవారికి లెన్సులో సుమారు మైనస్ 5.50 సరిపోతుంది. పైగా లెన్సు వంపు, వ్యాసం, బ్రాండు కూడా రాయాలి. బి.సి. 8.6 (వంపు), డి.ఐ.ఎ. 14.2 (వ్యాసం) లాంటి అంకెలు అవే. ఈ కొలతల పనికి ఫీజు విడిగా ఉంటుంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే లెన్సుల కోసమని చెప్పి, మీ విజన్ ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో అడగండి. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా దీనికి పనికిరాదు.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవలసింది చీటీ నకలు. 2004లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, లెన్సులు అమర్చడం పూర్తవగానే మీరు అడగకపోయినా నకలు ఇవ్వాలి. దానికి అదనపు రుసుము అడగకూడదు, తమ దగ్గరే కొనాలని షరతు పెట్టకూడదు. కొందరు 'మా దగ్గర తక్కువకే వస్తాయండీ' అంటూ మాట దాటేస్తారు. నవ్వుతూ వినండి, కాగితం మాత్రం తీసుకునే కదలండి. నకలు లేకపోయినా దారి ఉంది: అమ్మేవారు డాక్టరు ఆఫీసును సంప్రదించాక ఎనిమిది పనిగంటల్లో జవాబు రాకపోతే, చీటీ ధ్రువపడినట్లే లెక్క.

మామూలుగా చీటీ కనీసం ఏడాది చెల్లుతుంది, కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. వైద్య కారణం ఉంటేనే గడువు తగ్గిస్తారు.

పరీక్షకు వెళ్లేటప్పుడు పాత లెన్సు ప్లాస్టిక్ కప్పు మీది రేకు పారేయకుండా తీసుకెళ్లండి. బ్రాండు, వంపు, పవర్ దాని మీదే అచ్చయి ఉంటాయి. అవి చూస్తే డాక్టరు ఎక్కడ మొదలుపెట్టాలో వెంటనే తెలుస్తుంది.