వస మొక్క మన చెరువుల్లో దొరుకుతుందా? అంతరించిపోతోందా?

మీరడిగింది తిరుపతి చుట్టుపక్కల గురించి కాబట్టి ముందే చెప్పేస్తా, చెరువులో కత్తుల్లా నిలబడి కనిపించేదంతా వస కాదు, ఎక్కువగా అది జమ్మే. నేనూ మోసపోయినవాణ్ణే. రేణిగుంట వైపు ఒక చెరువులో మోకాలి లోతు బురదలో దిగి దుంప పెరికి తెస్తే, మా అవ్వ ఒక్కసారి వాసన చూసి "ఇది జమ్మురా, చాపలల్లుకో పో" అని పెరట్లోకి విసిరేసింది. ఆకు నలిపి చూడండి, వసైతే ఘాటుగా, కొంచెం తియ్యగా వాసనొస్తుంది. నడిమి ఈనె కూడా సరిగ్గా మధ్యలో ఉండదు, ఓ పక్కకి జరిగి ఉంటుంది.

వస హిమాలయాల్లో దాదాపు 2,000 మీటర్ల ఎత్తు దాకా, మణిపూర్, నాగాలాండ్ చిత్తడి నేలల్లో దానంతటదే పెరుగుతుంది. మనకు దగ్గరంటే కర్ణాటకలోని తుమకూరు జిల్లా, కొరటగెరె వైపు వరి మడుల్లాంటి తడి నేలల్లోనే సాగు చేస్తారు. యూరప్‌లోనూ ఉంది కానీ అక్కడిది గింజ కట్టదు, దుంప ముక్కలతోనే పాకింది.

అంతరించిపోతోందా అంటే, ప్రపంచం మొత్తం మీద చూస్తే లేదు, ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తన ఎర్ర జాబితాలో దీనికి పెద్దగా ముప్పు లేదనే రాసింది. కాకపోతే మందుకు కావాల్సింది దుంప, అది తవ్వితే ఇక మొక్కే ఉండదు, అందుకే అడవి సరుకు కాకుండా సాగు చేసిన కొమ్ము ఎక్కడ దొరుకుతుందో అడిగి కొనండి.

ఇక వాడకం. మా ఇంట్లో కొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, తల్లిపాలతో అరగదీసి బిడ్డ నాలుకకు రాసేవాళ్లు. మాటలు బాగా వస్తాయని నమ్మకం, వసపిట్ట అన్న మాట కూడా ఊరికే రాలేదు కదా! నేను మాత్రం మా పాపకు పెట్టనివ్వలేదు, అవ్వ రెండ్రోజులు మాట్లాడలేదు. ఇందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, ఎలుకల మీద పరీక్షల్లో కణితులు కనిపించాయని అమెరికా 1968లోనే తిండిలో వసను నిషేధించింది. అదే పదార్థం పురుగుల్ని చంపుతుంది కూడా, అందుకే మా బియ్యం డబ్బాలో ఓ కొమ్ము గుడ్డలో కట్టి పడేస్తా.

పెంచాలనుకుంటే కుండీకి అడుగున చిల్లు పెట్టకండి, దీనికి నీళ్లు నిలిచే ఉండాలి. నేను తులసికి పోసినట్టు చెంబుడు నీళ్లు పోసి మొదటిదాన్ని చంపేశాను. ఇప్పుడున్నది పాత పెయింట్ బకెట్లో, బురద మీద రెండు వేళ్ల మందం నీళ్లలో ఉంది. మే నెల ఎండకు ఆకుల కొసలు మాడాయి కానీ దుంప పక్కనుంచి కొత్త పిలకలొస్తున్నాయి.