మూజువాణి, రోల్ కాల్ ఒకటేనా?

సందేహం: 2024 జులైలో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ జాతీయ సదస్సును మా ఇంటిల్లిపాదీ టీవీలో చూశాం. ఉషా వాన్స్ తెలుగువారి అమ్మాయి కదా, అదొక ఆసక్తి. జె.డి. వాన్స్‌ను 'మూజువాణి ఓటుతో' ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎన్నుకున్నారని విన్నాను. ట్రంప్‌ను మాత్రం 'రోల్ కాల్'తో ఎన్నుకున్నారట. ఆ రోల్ కాల్‌లో కూడా ఒక్కో రాష్ట్రం వాళ్లు మైకు పట్టుకుని నోటితోనే ఓట్లు చెప్పారు. మరి అది మూజువాణి ఎందుకు కాదు? అసలు 'మూజు' అంటే ఏమిటి? ఆ సదస్సులో ఓటేసే డెలిగేట్లను 'ప్రతినిధులు' అనవచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు వ్యుత్పత్తి ఒక జవాబు చెబుతుంది, వాడుక ఇంకొకటి చెబుతుంది. అందుకని మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. 'మూజు' సంగతి తేలితే తక్కినవి వాటంతట అవే తేలతాయి.

'మూజువాణి'లో చివర 'వాణి' కనబడగానే చాలామంది అది సంస్కృత శబ్దమనుకుంటారు. వాణి అంటే వాక్కు, ఓటు నోటితో వేసేది, అర్థం చక్కగా కుదిరింది కదా అని అక్కడితో ఆగిపోతారు. అప్పుడు 'మూజు' ఏ భాషకూ చెందని ముక్కగా మిగిలిపోతుంది. పదాన్ని విరవాల్సిన చోటు అది కాదు. ఇది హిందుస్తానీలోని 'ముఁహ్ జబానీ'. ముఁహ్ అంటే నోరు. జబాన్ అంటే నాలుక, మాట. ముఁహ్ జబానీ అంటే కాగితం మీద పెట్టకుండా నోటితో చెప్పినది. విరవవలసింది 'మూ' దగ్గర, 'జువాణి' అంతా ఒక ముక్క.

ఆ 'జబానీ' మన నోట 'జువాణి' ఎలా అయిందో చూడండి. పారసీలోనే ఆ మాటకు జబాన్, జుబాన్ అని రెండు ఉచ్చారణలున్నాయి. మనకు అందింది ఉకారం ఉన్నది. బకారం వకారం కావడం వింత కాదు, జవాబు అన్నవారూ జబాబు అన్నవారూ మనలోనే ఉన్నారు. ఇక నకారం ణకారం కావడం తెలుగు నాలుకకు మహా ఇష్టమైన పని. దానా మన దగ్గర దాణా అయింది. థానా ఠాణా అయింది. రవానా రవాణా అయింది. దీవాన్ దివాణం అయింది. ఈ వరసలోనే జుబానీ జువాణి అయింది. ముఁహ్‌లోని అనునాసికమూ హకారమూ రాలిపోయి, ఆ లోటు తీర్చడానికి అచ్చు దీర్ఘమై 'మూ' నిలిచింది. ఆ ముఁహ్ కూడా పరాయిది కాదు, సంస్కృత 'ముఖం' ప్రాకృతాల గుండా నడిచి వచ్చిన రూపమే. అంటే ఈ మాటలో నోరు సంస్కృతానిది, నాలుక పారసీది, పలుకుబడి మనది. ఇంత నడక నడిచి వచ్చిన మాట మీద నాకు ప్రేమ ఎక్కువ. దాన్ని పక్కకు నెట్టి 'స్వర ఓటు' అనీ 'వాయిస్ ఓటింగ్ విధానం ద్వారా' అనీ రాసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. ఊరూరా కోర్టు పక్షులకు తెలిసిన మాట చదువుకున్న విలేకరికి తెలియకపోవడమేమిటి?

కోర్టు అన్నాను కాబట్టి దాని పాత అర్థం చెప్పాలి. ఓటుకు అంటుకోక ముందే ఈ మాట కచేరీల్లో తిరిగింది. సాక్ష్యం రెండు రకాలు. దస్తావేజు సాక్ష్యం ఒకటి, మూజువాణి సాక్ష్యం ఒకటి. పత్రం చూపిస్తే మొదటిది, బోనెక్కి చెబితే రెండోది. మూజువాణి ఒప్పందం అంటే స్టాంపు కాగితం లేని ఒప్పందం. ఇక్కడ మూజువాణికి విరోధి కాగితం. ఒక్కడు చెప్పినా మూజువాణే, పదిమంది చెప్పినా మూజువాణే. ఈ అర్థంలో తీసుకుంటే మీ తర్కం చాలావరకు సరైనదే. ఒక రాష్ట్ర బృందం నాయకుడు లేచి నోటితో లెక్క చెప్పాడంటే అదీ మూజువాణే కావాలి.

కానీ 'ఓటు' పక్కన చేరాక ఈ మాట ఇరుకైంది. 'రూఢిర్యోగమపహరతి' అంటారు. పుట్టుక ఇచ్చిన అర్థాన్ని వాడుక ఇచ్చిన అర్థం లాగేసుకుంటుంది. శాసనసభలో అధ్యక్షుడు 'అనుకూలురు అవుననండి, ప్రతికూలురు కాదనండి' అంటాడు. రెండు కేకలు లేస్తాయి. ఏది పెద్దదో చెవితో విని తీర్పు చెబుతాడు. తలలు లెక్కపెట్టడు. మూజువాణి ఓటు అంటే ఇప్పుడు తెలుగువాడికి ఇదే. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 జనవరి 30న మన శాసనసభ తిరస్కరించింది మూజువాణి ఓటుతోనే. ఫిబ్రవరి 18న అదే బిల్లును లోక్‌సభ ఆమోదించింది కూడా మూజువాణి ఓటుతోనే. ఎందరు అవునన్నారు, ఎందరు కాదన్నారు అంటే చెప్పడానికి అంకె లేదు. అంకె లేకపోవడమే దాని లక్షణం. అంకె కావాలంటే సభ్యుడు లేచి డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడగాలి.

రోల్ కాల్ ఇందుకు సరిగ్గా ఎదురు. అక్కడ ఉన్నదల్లా అంకే. సదస్సు కార్యదర్శి అక్షరక్రమంలో రాష్ట్రాలను పిలుస్తారు. మొదట అలబామా. ఆ బృందం తరఫున ఒకరు మైకు అందుకుని, తమ రాష్ట్రం పంటల గురించీ ఫుట్‌బాల్ జట్టు గురించీ నాలుగు మంచి మాటలు చెప్పి, ఫలానావారికి ఇన్ని ఓట్లు అని ప్రకటిస్తారు. కార్యదర్శి ఆ అంకెను మళ్లీ చదివి నమోదు చేస్తారు. వంతు వచ్చినప్పుడు 'పాస్' అని తప్పుకుని తర్వాత చెప్పే వీలుంది. గెలుపు గీత దాటించే గౌరవం తమకు ఇష్టమైన రాష్ట్రానికి దక్కేలా ఈ వీలును వాడుకుంటారు. మీరు చూసిన మిల్వాకీ సదస్సులో డెలిగేట్లు 2,429 మంది, కావలసింది 1,215. ఫ్లోరిడా బృందం నుంచి ఎరిక్ ట్రంప్ తమ 125 ఓట్లు చెప్పగానే తండ్రి గీత దాటాడు. అదే రోజు, అదే హాలులో వాన్స్ పేరు వచ్చినప్పుడు ఈ తతంగమేమీ లేదు. అధ్యక్షస్థానం అడిగింది, సభ 'అవును' అంది, అయిపోయింది. మీరు విన్న వార్తలో ఆ రెంటికీ రెండు మాటలు వాడినవారెవరో భాష తెలిసినవారు.

ఈ రెంటినీ కలిపేస్తే వచ్చే నష్టం తెలియాలంటే 2016లో క్లీవ్‌లాండ్ చూడాలి. జులై 18న రిపబ్లికన్లు సదస్సు నియమావళిని ఆమోదించాల్సి ఉంది. ప్రైమరీల (అభ్యర్థి కోసం రాష్ట్రాల్లో ముందే జరిగే పార్టీ ఎన్నికల) ఫలితానికి కట్టుబడి కాక స్వేచ్ఛగా ఓటేసే హక్కు డెలిగేట్లకు ఉండాలని ట్రంప్‌ను వద్దనుకున్న వర్గం పట్టుబట్టింది. అధ్యక్షస్థానంలో ఉన్న స్టీవ్ వోమాక్ మూజువాణి ఓటు అడిగి, ఆమోదం పొందిందన్నాడు. హాలులో సగం 'రోల్ కాల్ ఓటు, రోల్ కాల్ ఓటు' అని గగ్గోలు పెట్టింది. ఆయన కాసేపు వేదిక మీద లేకుండా పోయి, తిరిగొచ్చి మళ్లీ మూజువాణి ఓటే పెట్టాడు. రోల్ కాల్ కావాలంటే ఏడు రాష్ట్రాలు అడగాలి. తొమ్మిది అడిగాయి, మూడు వెనక్కి తీసుకున్నాయి, కాబట్టి చాలవన్నాడు. ఈ కథను తెలుగులో రాయాల్సివచ్చి రెంటికీ మూజువాణి అనే రాస్తే ఏమవుతుంది? 'మూజువాణి వద్దు, మూజువాణి కావాలి' అని అరిచారని రాయాలి. ఆ జనం అడిగింది లెక్క. ఎవరు ఎటు నిలబడ్డారో తేలాలన్నారు. అది దక్కలేదన్నదే కథంతా.

మర్నాడు అదే హాలులో ఇంకో ఘట్టం జరిగింది. అలాస్కా వంతు వచ్చింది. ఆ బృందం నాయకుడు టెడ్ క్రూజ్‌కు 12, ట్రంప్‌కు 11, మార్కో రూబియోకు 5 అని ప్రకటించాడు. కార్యదర్శి మాత్రం 28కి 28 ట్రంప్‌కే నమోదు చేశారు. అలాస్కావాళ్లు ఒప్పుకోలేదు, మా బృందంలో ఒక్కొక్కరినీ అడగండన్నారు. అడిగారు కూడా. అయినా అంకె మారలేదు. పోటీ నుంచి తప్పుకున్న అభ్యర్థుల డెలిగేట్లు బరిలో మిగిలినవారికి పోవాలన్నది ఆ రాష్ట్ర పార్టీ నియమమని జాతీయ ఛైర్మన్ రైన్స్ ప్రీబస్ వివరించాడు. డెలిగేట్ తాను కట్టుబడిన అభ్యర్థికి కాక వేరొకరికి ఓటు చెబితే, ఆ మాట చెల్లదు, కట్టుబడిన లెక్కే రాసుకోవాలన్నది రిపబ్లికన్ నిబంధన. మైకులో పలికినది వీగిపోయి, కాగితం మీద ఉన్నది గెలిచింది. మూజువాణికి విరోధి కాగితమని పైన చెప్పాను. అందుకే పాత కోర్టు అర్థంలో కూడా రోల్ కాల్‌కు మూజువాణి అన్న పేరు పూర్తిగా అతకదు. నోరు అక్కడ ఉన్న లెక్కను వినిపిస్తుందంతే. డెమోక్రాట్ల నిబంధన కొంచెం మెత్తన. తమను ఎన్నుకున్నవారి మనోభావాన్ని డెలిగేట్లు మనస్సాక్షితో ప్రతిబింబించాలంటుంది.

నోరు లెక్కను వినిపించడమంటే ఎంత దూరం పోతుందో 1924లో న్యూయార్క్‌లో జరిగిన డెమోక్రాట్ల సదస్సు చెబుతుంది. అప్పట్లో మూడింట రెండు వంతుల ఓట్లు వస్తేనే అభ్యర్థిత్వం. పోటీలో ముందున్న మెకడూకూ రాలేదు, అల్ స్మిత్‌కూ రాలేదు. 103 సార్లు రోల్ కాల్ జరిగాక జాన్ డేవిస్‌కు దక్కింది. పిలిచిన ప్రతిసారీ మొదట అలబామా గవర్నరు లేచి 'ఆస్కార్ అండర్‌వుడ్‌కు 24 ఓట్లు' అనేవాడు. రేడియోలో విన్న దేశానికి అది కంఠతా వచ్చేసింది. మూజువాణి అయితే ఆ 24 ఎక్కడిది?

ఇక రోల్ కాల్‌కు తెలుగేమిటి? 'పేరుపిలుపు ఓటు' అని కొందరు సూచిస్తారు. నాకు కొంత నచ్చింది కానీ ఇక్కడ పిలిచేది మనుషుల పేర్లు కాదు, రాష్ట్రాల పేర్లు. బృందం నాయకుడు చెప్పిన లెక్కను ఎవరైనా సవాలు చేసినప్పుడు మాత్రమే, అలాస్కాలో లాగా, మనిషి మనిషినీ అడుగుతారు. దానికి 'పేరుపేరునా' అన్న మన పాత మాట బాగుంటుంది. పెద్ద తతంగానికి 'రాష్ట్రాలవారీ ఓటు' అనండి. ఆ 'వారీ' కూడా మూజువాణిలాగే పారసీ దారిలో వచ్చిన బంధువే, మండలాలవారీ, కులాలవారీ అని రోజూ అంటున్నాం. రోల్ కాల్ అనే ఉంచేసినా నేను తప్పుపట్టను, బడిలో హాజరు పిలిచినప్పటి నుంచి తెలిసిన మాటే. ఒక్క జాగ్రత్త చెప్పాలి. 2024లో డెమోక్రాట్ల డెలిగేట్లు కమలా హ్యారిస్‌కు ఓట్లు వేసింది ఆగస్టు మొదటివారంలో, ఆన్‌లైన్‌లో. 20వ తేదీన చికాగో హాలులో పాటలతో సాగిన రోల్ కాల్ వేడుక మాత్రమే. ఆ రోజు గురించి రాసేటప్పుడు 'ఓటేశారు' అనకండి, 'ప్రకటించారు' అనండి.

మూజువాణి అన్నచోటల్లా 'ఏకగ్రీవం' అని రాయడం ఈమధ్య పెరిగింది, ఇది మానాలి. గ్రీవం అంటే మెడ. పంచాయతీ ఎన్నికల్లో ఒక్కరే బరిలో మిగిలితే ఏకగ్రీవం, అక్కడ ఓటే ఉండదు. మూజువాణిలో కాదన్న కేకలు కూడా ఉంటాయి, క్లీవ్‌లాండ్‌లో ఎంతగా ఉన్నాయో చెప్పాను. 2008లో డెన్వర్‌లో రోల్ కాల్ నడుస్తుండగా హిల్లరీ క్లింటన్ లేచి, నియమాలు పక్కనపెట్టి ఒబామాను సభంతా జయధ్వానంతో ఎన్నుకోవాలని ప్రతిపాదించిన ఘట్టం ఉంది. దాన్ని 'ఏకకంఠంతో ఎన్నుకున్నారు' అంటే అందంగానూ ఉంటుంది, సరిగానూ ఉంటుంది.

డెలిగేట్‌ను ప్రతినిధి అనడంలో వ్యాకరణదోషం లేదు. మన కాంగ్రెస్ పార్టీ అధ్యక్షుణ్ని ఎన్నుకునేదీ ప్రతినిధులే. 1939లో వారి ఓట్లతోనే సుభాష్ చంద్రబోస్ 1,580, మన పట్టాభి సీతారామయ్య 1,377 తెచ్చుకున్నారు. చిక్కల్లా అమెరికా వార్త రాసేటప్పుడే. అక్కడ ప్రతినిధుల సభ వేరే ఉంది. 'ప్రతినిధులు ట్రంప్‌ను ఎన్నుకున్నారు' అని రాస్తే ఆ సభ సభ్యులు ఎన్నుకున్నారని చదివేవారు పొరబడతారు. మొదటిసారి 'సదస్సు ప్రతినిధులు' అని రాసి, తర్వాత ఉత్త 'ప్రతినిధులు' అనవచ్చు. డెలిగేట్లు అని రాసినా నా ఎర్రకలం దాని మీద పడదు. నేనూ పైన అలాగే రాశాను.