బ్రిడ్జి అడక్కండి, సిగ్నల్ అడగండి

మీ కాలనీ ముందున్న ఆరు లేన్ల రోడ్డు దాటడానికి ఫుట్ ఓవర్ బ్రిడ్జి మేలా, జీబ్రా క్రాసింగ్ మేలా అని అడిగారు. బ్రిడ్జి మాత్రం అడక్కండి. అది కార్లు ఆగకుండా పోవడానికి కట్టేది, పేరు మాత్రం మనది. కింద లారీలు పట్టాలి కాబట్టి ఐదున్నర మీటర్ల ఎత్తు వదులుతారు, అంటే ఎక్కడానికి దాదాపు నలభై మెట్లు, దిగడానికి మళ్లీ అన్ని.

హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర అలాంటిదే ఒకటుంది. లిఫ్ట్ పెట్టారు, దానికి తాళం కూడా పెట్టారు. పోయిన ఎండాకాలం అమ్మను కంటి డాక్టరుకు చూపించి తీసుకొస్తున్నా. కంట్లో చుక్కలు వేయడంతో అంతా మసక, అసలే మోకాళ్ల నొప్పులు. "మెల్లగా ఎక్కుదామమ్మా" అంటే, మెట్ల వంక ఓసారి చూసి, "నువ్వెక్కి రారా, నేను అవతల ఉంటా" అని డివైడర్ గ్రిల్లులో ఎవరో వంచేసిన సందు వైపు నడిచింది. అక్కడ క్యూ ఉందండీ! పైన చూస్తే ఫోన్ మాట్లాడుకునే కుర్రాడొక్కడు, వాడి చుట్టూ నగల షాపు ప్రకటన. చివరికి పూలమ్మే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి బస్సును ఆపితే మేమంతా దాటాం. ఆ గ్రిల్లు వంచినవాడికి తెలిసినంత రోడ్డు డిజైన్ ఇంజనీర్లకు తెలియదని నా గట్టి నమ్మకం.

ఉప్పల్‌లో మెట్రో స్టేషన్‌కు కలిపి రోడ్డు పైన కట్టిన నడకదారి, అదే స్కైవాక్, బాగానే ఉందిగా అంటారు. 2023లో తెరిచారు, లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, పైగా మెట్రో దిగినవాళ్లు ఎలాగూ పైనే ఉంటారు. మీ కాలనీవాళ్లు కింద ఉన్నారు.

అలాగని ఉత్త తెల్లచారలూ వద్దు. మన దగ్గర జీబ్రా అంటే సిగ్నల్ పడ్డప్పుడు బైకులు నిలబెట్టుకునే చోటు. చారలను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టమనండి, అప్పుడు పోలీసు లేకపోయినా బండి స్లో చేయక తప్పదు. రోడ్డు మధ్యలో ఆగి నిలబడేంత జాగా, మనమే నొక్కుకునే సిగ్నల్ కూడా కావాలి. ఆ సిగ్నల్ టైము దగ్గర గట్టిగా పట్టుబట్టండి. మామూలుగా సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కేస్తారు, 21 మీటర్ల రోడ్డుకు 18 సెకన్లు చాలంటారు. మా అమ్మలాంటివాళ్లు 0.8 నడిస్తే గొప్ప, అంటే 26 సెకన్లు పైనే.

ఇంకోటి, మీ దగ్గర ఫ్రీ లెఫ్ట్ ఉంటే ముందు దాన్ని తీయించండి. అన్ని వైపులా ఎర్రలైటు పడ్డా ఎడమవైపు బళ్లు వస్తూనే ఉంటాయి, పైగా మనకే హారన్ కొడతారు. క్రాసింగ్ బస్టాపు పక్కనే రావాలని కూడా అర్జీలో రాయండి. వంద మీటర్ల అవతల పెడితే మీవాళ్లు కూడా గ్రిల్లే వంచుతారు.