నీ ముద్దలు మీ అమ్మ లెక్కపెట్టడం ఆగాలి

ప్రశ్న: మాది కావలి. నాకు 27 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట చెన్నైలో బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించారు. ఉదయగిరి దగ్గర మెట్ట పొలం అమ్మి ఖర్చు పెట్టారు. 112 కిలోల నుంచి 78కి వచ్చాను. కానీ పొట్టా చేతులూ తొడల దగ్గర చర్మం వేలాడుతోంది, అద్దంలో చూసుకోలేకపోతున్నాను. నాలుగు ముద్దలు దాటితే వాంతి. ఒక్కోసారి నేనే వేలు పెట్టుకుని కక్కేస్తున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక మిక్చర్, ఐస్‌క్రీమ్ తిని ఏడుస్తాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీశారని అమ్మ అందరికీ చెప్పింది. మొన్నొక గృహప్రవేశంలో ఎవరికీ అనుమానం రాకూడదని పక్కన కూర్చుని ఆకులోదంతా తినమంది. తిని, వాటర్ ట్యాంకర్ వెనక్కి పోయి కక్కాను. రోజూ పొద్దున్నే బరువు మెషీన్ ఎక్కిస్తుంది. తెలిసినవాళ్లు కనబడతారని చెకప్‌లు కూడా మానేశాం. వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారు. వదులు చర్మం తీసే ఆపరేషన్ పెళ్లికి ముందు చేయించుకోవాలా, తర్వాతా?

జవాబు: అమ్మాయ్, నువ్వడిగినదానికి జవాబు చిన్నదే. ఇప్పుడు వద్దు. బరువు ఇంకా తగ్గుతుండగా చర్మం కోయించుకుంటే మళ్లీ వదులవుతుంది. బరువు ఒకచోట ఆగి కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే సర్జన్లు దానికి ఒప్పుకుంటారు, మామూలుగా మొదటి ఆపరేషన్ అయిన ఏడాది, ఏడాదిన్నర తర్వాత. సరిగ్గా తినకపోతే కుట్లు కూడా త్వరగా మానవు. పెళ్లి ముహూర్తం చూసి పెట్టుకునే ఆపరేషన్ కాదది. దాని సంగతి ఇక వదిలెయ్.

ముందు వాంతుల గురించి చెప్పాలి, ఎందుకంటే అది వాయిదా వేసే విషయం కాదు. స్లీవ్ చేశాక ఇలా వాంతులు అవుతూ ఉంటే మిగిలిన పొట్ట ఎక్కడైనా ఇరుకైందేమో చూడాలి. అంతకన్నా భయపడాల్సింది బి1 విటమిన్ తగ్గిపోవడం గురించి. అది ఒంట్లో కొన్ని వారాలకు మించి నిల్వ ఉండదు. తగ్గితే మెదడు మీదికి వస్తుంది. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనబడినా, నడకలో తూలినా, మాట తికమకపడినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకుని సర్దుకుపోవద్దు. ఇలాంటి మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి పరిస్థితి ఇంకా చెడుతుంది. గాల్‌బ్లాడర్ తీశారని చెబితే పాపం ఆ డాక్టరుకు ఎలా తెలుస్తుంది? మీ అమ్మ పరువు కోసం చెప్పిన ఆ అబద్ధం నీ ప్రాణం మీదికి తెస్తుంది, అర్థమైందా?

ఇప్పుడు మీ అమ్మ గురించి. నీ ఉత్తరం నిండా ఆవిడే ఉంది. మెషీన్ ఎక్కించేది ఆవిడ, ఆకు ఖాళీ చేయమనేది ఆవిడ, చెకప్ మాన్పించింది కూడా ఆవిడే అయుంటుంది. ఆపరేషన్‌కు ముందు నువ్వు తింటుంటే తిట్టుంటుంది, ఇప్పుడు తినకపోతే తిడుతోంది. ఆవిడ చెడ్డదని నేననను. చిన్నప్పటి నుంచీ చుట్టాలంతా "పిల్లకేం పెడుతున్నావమ్మా ఇలా ఊరిపోయింది" అని ఆవిడ మొహం మీదే అనుంటారు, ఆ మాటలు పడీ పడీ ఆవిడకు భయం పట్టుకుంది. కానీ ఆవిడ భయాన్ని నువ్వు నీ గొంతులో వేలు పెట్టుకుని తీర్చడమేంటమ్మా? కన్నతల్లి రుణం తీర్చాలి, నేనూ ఒప్పుకుంటాను, అనారోగ్యం వస్తే దగ్గరుండి చూసుకో, ముసలితనంలో అన్నం పెట్టు. నీ ఒంటిని మాత్రం ఆవిడ చేతిలో పెట్టకు. అమ్మిన పొలం నీ ఆరోగ్యం కోసమైతే ఆరోగ్యంగా ఉండనివ్వమను. పెళ్లి కోసమే అయితే ఆ లెక్క నువ్వు కక్కి తీర్చాల్సిన పని లేదు.

రాత్రిపూట మిక్చర్ తింటున్నానని సిగ్గుపడుతున్నావు. పగలంతా నీ నోటి వైపు ఒక మనిషి చూస్తూ ఉంటే, ఎవరూ చూడని ఆ అరగంటలోనే కదా నువ్వు నీ ఇష్టానికి తినేది! ఆపరేషన్‌లో పొట్ట ముప్పాతిక పైనే తీసేస్తారు, ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా అందులోనే పోతుంది, కానీ దిగులు పుట్టినప్పుడు తినే అలవాటు పోదు. అన్నం ముద్ద అడ్డం పడుతుంది, ఐస్‌క్రీమ్ జారిపోతుంది, అందుకే చెయ్యి దాని మీదికి పోతుంది. వేలు పెట్టుకుని కక్కడం మాత్రం జబ్బు, దానికి సైకియాట్రిస్టును కలవాలి, నెల్లూరులో ఉన్నారు. ఈలోపు మనసు మరీ బాగోలేకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

తిండి సంగతి డైటీషియన్ వివరంగా చెబుతుంది, నేను చెప్పేది కాస్తే. ముందు గుడ్డో, పెరుగో, పులుసులో చేప ముక్కో తిను, అన్నం చివర్లో మిగిలిన చోటుకే. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. మెత్తగా నమిలి తిను, నీళ్లు తిన్న అరగంట తర్వాత తాగు. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం మానకూడదు.

చర్మం వేలాడటం నీ తప్పు కాదు. ఏళ్ల తరబడి సాగింది, ఎనిమిది నెలల్లో ఎలా ముడుచుకుంటుంది? ఒళ్లు మారినంత వేగంగా చూపు కూడా మారదు, అద్దంలో నీకింకా పాత మనిషే కనబడుతుంటుంది. రోహిణి కార్తె ఎండల్లో కూడా నిండు చేతుల జాకెట్టేసుకుని తిరిగే అమ్మాయిలు నాకు తెలుసు. చేతులు కప్పుకోవాలో వద్దో నీ ఇష్టం, అమ్మ చెప్పిందని మాత్రం కప్పుకోకు.

ఒంగోలు వాళ్లకు నిజం చెప్పి తీరాలి. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు డాక్టర్లు, మనవాళ్లేమో పెళ్లయిన మూడో నెల నుంచే విశేషమేంటని అడుగుతారు. అప్పుడేం చెబుతావు, మళ్లీ గాల్‌బ్లాడరనా? మాత్రల డబ్బా చీరల కింద దాచుకుని చేసే కాపురం నీకొద్దు. అబ్బాయితో నువ్వే నేరుగా మాట్లాడు, అమ్మను మధ్యలో పెట్టకు. విని లేచి వెళ్లిపోతే వెళ్లనీ.

అయితే అది ఈ ఆదివారం వద్దు. ఈ వారమే పినాకిని రైలెక్కి చెన్నై వెళ్లి నీ సర్జన్‌ని కలువు, అమ్మ రానంటే స్నేహితురాలిని తీసుకెళ్లు. అమ్మతో ఒకటే చెప్పు: "రేపటి నుంచి నేను మెషీన్ ఎక్కను, నా బరువు డాక్టరు చూస్తారు." అరుస్తుంది, ఏడుస్తుంది, రెండ్రోజులు అన్నం మానేస్తుంది. అయినా ఎక్కకు. నీ ఉత్తరంలో మీ నాన్న ఒక్కచోటా లేరు, అది నాకు బాధనిపించింది. ఒంగోలుకు ఫోన్ చేసి పెళ్లిచూపులు రెండు నెలలు వాయిదా వేయమని ఆయన్నే అడుగు.