తమలపాకు తొడిమ

శైలూ,

చిన్నోడి క్యాన్సర్‌కి కీమో అయ్యేదాకా నువ్వూ వాడూ తిరుపతిలోనే గది తీసుకుని ఉంటారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బొద్దింకని చూస్తే మంచమెక్కే పిల్లవి, ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు! మురిసిపోయాను. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

వాంతుల మందు డాక్టరు చెప్పిన టైముకే వెయ్యి, వాంతి వచ్చేదాకా ఆగకు. ఓఆర్ఎస్ ప్యాకెట్ చిన్నదైతే ఎన్ని నీళ్లో దానిమీదే ఉంటుంది, పెద్దదైతే లీటరు. కాచి చల్లార్చిన నీళ్లే పొయ్యి, మర్నాటికి దాచకు. నోరు పూస్తే కారం, పులుపు బంద్. పోపు వాసనకే మా వాడు పక్కింటికి పారిపోయేవాడు. చల్లారిన పెరుగన్నం రెండు ముద్దలు, గంటాగి ఇంకో రెండు. కంచం నింపి ఎదురుగా కూర్చున్నావో, ఆ రెండూ తినడు.

ఇవన్నీ అక్కడి నర్సమ్మలు చెప్తారులే. నేను రాయాలనుకున్నది వేరు.

మా వాడికి, అదే మీ అన్నకి, ఆరేళ్లప్పుడు విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజెక్షన్ ఇచ్చారు. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే తీస్తారట ఆ మందు. అది పేగుల్ని కదిలించే నరాల్ని మందగింపజేస్తుంది, మలబద్ధకం వస్తుంది అని ముందే చెప్పారు. నా టెన్షనంతా వాంతుల మీదే. తినడం లేదు కదా, మోషన్ ఎలా అవుతుందిలే అనుకున్నా. నాలుగోరోజు సాయంత్రానికి పొట్ట రాయిలా అయింది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఇన్నాళ్లేం చేశావని తిడతారని భయం. మా అత్త పసిపిల్లలకి చేసినట్టే తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టాను. పది నిమిషాల్లో పనైంది. ఎంత గర్వపడ్డానో! మర్నాడు మధ్యాహ్నం చలి, ఒణుకు, 103 జ్వరం. చిత్తూరు నుంచి తిరుపతి దాకా వాడి తల నా ఒళ్లో కాలిపోతూనే ఉంది. పన్నెండు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

డాక్టరు అరవలేదు. అరిచినా బాగుండేది. తెల్లకణాలు పడిపోయినప్పుడు అక్కడ చిన్న గీత పడినా పేగులోని క్రిములు రక్తంలోకి పోతాయమ్మా అన్నాడు. తొడిమ, సబ్బుముక్క, ఎనిమా, ఆఖరికి థర్మామీటరు కూడా ఆ దారిన పెట్టకూడదట. ఇప్పుడు మీ అన్న సంగటిలో ఊరిబిండి నంజుకుని తింటున్నాడు, వాడికేమీ గుర్తులేదు. నాకు తాంబూలానికి తొడిమ తుంచేటప్పుడు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

అందుకే, రెండురోజులు మోషన్ కాకపోతే ఫోన్ చెయ్యి. సిరప్ వాళ్లే రాసిస్తారు. సిగ్గుపడ్డావంటే నేనొచ్చి రెండు తగిలిస్తా. విరేచనాలైతే షాపులో అడిగి మాత్ర వెయ్యకు. జ్వరం 100.4 చూపిస్తే అర్ధరాత్రైనా ఆటో ఎక్కు. జ్వరం మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దు, నా తల్లీ.

జుట్టు రాలిందని ఏడ్చావట. పిచ్చిదానా, తిరుపతిలో గుండు పిల్లాణ్ణి ఎవరు వింతగా చూస్తారు? కొండ దిగి వచ్చాడనుకుంటారు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా. చిన్న కుక్కరు తెస్తాను. చిన్నోడికి మోషన్ ఎప్పుడైంది? ఇది చదవగానే ఫోన్ చేసి ముందు ఆ సంగతి చెప్పు.

మీ పెద్దమ్మ