ముందు తప్పు బొమ్మ గియ్యి

చిరంజీవి లావణ్యకి, పిన్ని ఆశీస్సులు.

బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగంలో చేరేలోపు నేర్చుకోవాలంటూ నువ్వు పంపిన టూల్స్ లిస్టు చూశాను. పద్దెనిమిది ఉన్నాయి! ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అందులో సగం నేనింతవరకూ తెరిచి కూడా చూడలేదు. కాబట్టి టెన్షన్ పడకు. ఎక్సెల్, డేటాబేస్‌లోంచి వివరాలు అడిగి తీసే భాష ఎస్‌క్యూఎల్, పని జరిగే తీరుని బొమ్మగా గీసే టూల్ ఒకటి, మొదటి ఏడాదికి ఈ మూడూ చాలు. మిగతావి ఆఫీసులో ఏది వాడుతుంటే అది, పది రోజుల్లో అదే అలవాటవుతుంది.

ఎక్సెల్ వచ్చు అన్నావు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మొదటి ప్రాజెక్టులో నాకిచ్చిన సీఎస్‌వీ ఫైల్‌ని, అంటే కామాలతో విడదీసిన డేటా ఫైల్‌ని, డబుల్ క్లిక్ చేసి తెరిచాను. కస్టమర్ కోడ్‌ల ముందున్న సున్నాలు మాయమైపోయాయి, 00457 కాస్తా 457 అయింది. పాత లిస్టుతో కలవనివాళ్లందరినీ కొత్త కస్టమర్లుగా లెక్కకట్టి మేనేజర్‌కి పంపేశాను. మీటింగ్‌లో ఆ అంకె చూసి సేల్స్ ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పట్నుంచి సీఎస్‌వీని అలా తెరవను. డేటా ట్యాబ్‌లోంచి పవర్ క్వెరీలోకి, అంటే ఎక్సెల్‌లోనే డేటా తెచ్చి సర్దుకునే చోటికి, తెచ్చుకుంటాను. అక్కడ కూడా కోడ్‌ని నంబర్ అనేసుకుంటుంది, నువ్వే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చాలి. మార్చేటప్పుడు ఉన్న స్టెప్‌ని రీప్లేస్ చేయాలా, కొత్తది చేర్చాలా అని అడుగుతుంది. రీప్లేస్ అను. కొత్తది చేర్చావంటే పోయిన సున్నాలు తిరిగి రావు.

ఇంకో లిస్టులోంచి విలువ వెతికి తెచ్చే ఫార్ములా వీలుకప్. దాని చివర ఫాల్స్ రాయడం మర్చిపోతే దగ్గర్లో ఉన్న ఏదో విలువ తెచ్చిపెడుతుంది, చూడ్డానికి సరైన జవాబులాగే ఉంటుంది. నీ ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్ ఉంటే అదే వాడు, దానికి ఆ జబ్బు లేదు. ఇంకోటి, షీట్‌లో 10,48,576 వరసలే పడతాయి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్‌లో అయితే 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ ఆ పాత ఫార్మాట్ వాడటం వల్లే 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. అందుకే ఏ ఫైల్ తెచ్చుకున్నా ముందు ఎన్ని వరసలు, మొత్తం ఎంత, తెచ్చాక ఎన్ని, ఎంత అని చూసుకో. రెండు నిమిషాల పని.

ఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్, వేర్, జాయిన్, గ్రూప్ బై వస్తే చాలు. డేటాబేస్ కట్టడం మన పని కాదు. ప్రాక్టీసుకి ఎస్‌క్యూలైట్ ఉచితమే. రెండు టేబుల్స్‌ని కలిపే జాయిన్ దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్లు. ఒక ఆర్డర్‌కి రెండు వాయిదాల్లో డబ్బు కట్టారనుకో. ఆర్డర్ల టేబుల్‌ని పేమెంట్ల టేబుల్‌తో కలిపేసరికి ఆ ఆర్డర్ రెండుసార్లు వస్తుంది, మొత్తం వేస్తే అమ్మకం రెట్టింపు కనిపిస్తుంది. ఎర్రర్ రాదు, సంతోషం మాత్రం వస్తుంది, ఎవరో పట్టుకునేదాకా.

ఇక బొమ్మలు. నీ లిస్టులో ఇది పదహారోది, నా లెక్కలో మొదటిది. డ్రా డాట్ ఐఓ ఉచితం, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఇలాంటి బొమ్మల గుర్తులకి బీపీఎంఎన్ అని ఒక పద్ధతి ఉంది, దాని పెద్ద పుస్తకం ముందేసుకోకు. మొదలుకి సన్నగీత గుండ్రం, ముగింపుకి మందగీత గుండ్రం, పనికి మూలలు గుండ్రంగా ఉన్న డబ్బా, నిర్ణయానికి డైమండ్, ఎవరి పని వాళ్ల వరసలో. అంతే.

నేనెందుకు దీన్ని ముందు పెడతానో చెప్తాను. ‘మీ పని ఎలా జరుగుతుందండీ?’ అని అడిగితే ఎవరైనా రూల్స్‌లో ఉన్నదే చెప్తారు. నీకు అర్థమైనంత బొమ్మ గీసి, తప్పులున్నా సరే, వాళ్ల ముందు పెట్టు. ‘అబ్బే, ఇలా కాదమ్మా, అప్రూవల్ వచ్చేదాకా ఎవరాగుతారు, మేం ముందే పంపించేస్తాం’ అంటూ పెన్ను లాక్కుంటారు. ఆ ఒక్క మాట కోసమే ఈ టూల్స్ అన్నీ. గంటసేపు అడిగినా రాని మాట అది.

కొత్త సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌లు గీసేటప్పుడూ అంతే. డిజైన్ టూల్ ఫిగ్మాలో నిగనిగలాడేలా చేసి తీసుకెళ్తే, అంతా అయిపోయిందనుకుని బటన్ రంగు గురించి మాట్లాడతారు. బాల్సమిక్ అనే టూల్‌లో బొమ్మలు కావాలనే చేత్తో గీసినట్టు ఉంటాయి, వాటిని చూస్తే మార్చమని అడగడానికి ఎవరూ మొహమాటపడరు. కాగితమైనా పర్లేదు.

పనుల్ని టికెట్లుగా రాసుకునే జిరా గురించి భయపడుతున్నావు. జపాన్‌వాళ్లు గాడ్జిల్లాని గోజిరా అంటారు, పేరు అందులోంచే వచ్చింది, అంతకుమించి భయపడేదేం లేదు. టికెట్‌లో ఎవరికి, ఏం కావాలి, ఎందుకు అనేవి రాసి, పని పూర్తయిందని ఎలా తేలుతుందో కింద రాయి. ‘సిస్టమ్ ఫాస్ట్‌గా ఉండాలి’ లాంటివి రాయకు, ఎన్ని సెకన్లో అడిగి రాయి. డెవలపర్‌కి అనుమానం వస్తే కామెంట్లలో వాదించకు, లేచి వెళ్లి మాట్లాడు.

చార్టులు, రిపోర్టులు చేసే పవర్ బీఐ, టాబ్లో ఆరునెలలు ఆగినా కొంప మునగదు. ఏఐతో మీటింగ్ నోట్స్ రాయించుకోవాలంటే ముందు ఆఫీసులో అనుమతి అడుగు. కంపెనీ డేటా అందులో పెట్టేశాక వెనక్కి తీసుకోలేవు.

చేరిన మొదటి వారంలో ఏదో ఒక పని గురించి బొమ్మ గీస్తావు కదా. కంపెనీ వివరాలు, పేర్లు తీసేసి నాకు పంపు. సరిదిద్దాక నీటుగా వేసింది కాదు, వాళ్లు కొట్టివేతలు పెట్టింది.

మీ పిన్ని